పదకొండు పేజీలు

స్టాఫ్ రూములో మంచినీళ్ల ఫిల్టరు పక్కన అంటించిన చార్టు మీద మంగళవారం పొద్దుటికి ఒకే ఒక్క ఎర్రచుక్క మిగిలింది. అది ఐదో తరగతిది. ఐదో తరగతి అంటే పుస్తకాలావిడది. ఆ పేరు డ్రిల్లు మాస్టారు పెట్టింది. చంకలో పుస్తకం లేకుండా ఆవిడ వరండాలో నడిచిన రోజు లేదని ఆయన వాదన. వేళాకోళానికి పెట్టినా పేరు అతుక్కుపోయింది. ఆవిడా కాదనలేదు. లోలోపల కాస్త గర్వపడింది కూడా.

ఆ గర్వమే కొంప ముంచింది. జనవరి రెండో తారీఖున పెద్ద మేడం టీచర్లందరి చేతా తలా ఒక కాయితం రాయించారు. కొత్త సంవత్సరంలో మీ క్లాసు ఎంత చదువుతుంది, క్లాసులో టాబ్లెట్లు ఎలా వాడతారు, ఇవీ అందులోని ప్రశ్నలు. పుస్తకాలావిడ మొదట "నెలకో పుస్తకం, అందరం కలిసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా" అని రాసింది. పెద్ద మేడం చదివి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"బాగుందండీ. కానీ ఇందులో అంకె ఏదీ?"

అంకె లేకపోతే చార్టు మీదకి ఎక్కదట. అప్పటికే నాలుగో తరగతి టీచరు మూడొందల యాభై అని రాసేసింది. పేరుకి తగ్గట్టు ఉండొద్దూ అనుకుందో ఏమో, పుస్తకాలావిడ నాలుగొందలని రాసి సంతకం పెట్టింది. ఒక్కో పిల్లకీ, ఒక్కో పిల్లాడికీ, నెలకి నాలుగొందల పేజీలు, టాబ్లెట్ మీద. ఆ సాయంత్రమే ఆ మాట సగం మర్చిపోయింది.

ఇప్పుడు చార్టు ముందు నిలబడ్డ మాస్టారు పెన్ను మూత కొరుకుతూ ఆవిడ కోసం ఎదురు చూస్తున్నాడు. లెక్కలు చెప్పే కుర్రమాస్టారు. టాబ్లెట్ల బాధ్యత కూడా నెత్తిన పడ్డాక అందరూ చార్టు మాస్టారనే అంటున్నారు.

"మేడం, మీ క్లాసు సగటు తొమ్మిది పేజీలండీ."

"మేం నూట నలభై పేజీలు చదివాం."

"ఎక్కడండీ?"

"పుస్తకంలో. కాయితం పుస్తకంలో. నేను చదువుతాను, ఒక్కో పేరా ఒక్కొక్కళ్ల చేత చదివిస్తాను."

చార్టు మాస్టారు జాలిగా చూశాడు. "అది లెక్కలోకి రాదండీ. మీరు చదివినట్టు టాబ్లెట్‌కి ఎలా తెలుస్తుంది?"

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఈ శుక్రవారం మధ్యాహ్నం నెలాఖరు మీటింగు. అనుకున్న దాంట్లో సగమన్నా చేరితే పచ్చచుక్క. చేరని క్లాసులకి ఆఖరి పీరియడు, అంటే చదువు గంట, తీసేసి లెక్కల అభ్యాసానికి ఇస్తారు. "ఆ గంట నేనే తీసుకోవాలి మేడం. మీ నోటి దగ్గరది లాక్కోవడం నాకు మాత్రం సరదానా?" అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదు అతనిది.

పుస్తకాలావిడ తన ఎర్రచుక్క వైపు చూసింది. రోజంతా బోర్డు తుడిచి, హోంవర్కులు దిద్ది, ముక్కులు తుడిచి, తగువులు తీర్చి అలసిపోయే ఉద్యోగంలో ఆవిడకి సొంతమైంది ఆ ఒక్క గంట. ఆ గంటలో ముప్ఫై ఒక్క మంది పిల్లలు గడ్డాలు బెంచీల మీద ఆనించుకుని వింటారు. బెల్లు కొడితే "అప్పుడేనా" అంటారు. ఏ పీరియడులో అంటారు పిల్లలు ఆ మాట? అది పోతే తనకి బడికి రావడానికి కారణం ఏముంటుందో ఆవిడకి నిజంగానే తెలియలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నాలుగో తరగతి టీచరు ఆవిడ వైపు జరిగి గొంతు తగ్గించింది.

"అక్కా, మీకెవరూ చెప్పలేదా? అది చదివామా లేదా అని చూడదు. పేజీ తిరిగిందా అని చూస్తుంది, అంతే. మా పిల్లలు ఎక్కాలు వల్లిస్తూ వేలితో తిప్పేస్తారు. రోజుకి నూట ముప్ఫై దాటించకండి, ఎవరికీ అనుమానం రాదు."

"అందరూ అంతేనా?"

"మరి? మీరొక్కరే అమాయకురాలు." అని డబ్బా మూత పెట్టేసి చేతులు కడుక్కోవడానికి లేచింది.

ఆఖరి పీరియడులో పుస్తకాలావిడ బీరువా తాళం తీసింది. నెలంతా ఛార్జింగు తీగలకి వేలాడుతూ పడున్న టాబ్లెట్లని ఒక్కొక్కటే తుడిచి పంచింది. తుడవడానికి కావలసిన దానికన్నా ఎక్కువ సేపు తీసుకుంది.

"కథ తెరవండి. పేజీలు తిప్పుతూ ఉండండి. నూట ముప్ఫై వచ్చాక ఆపండి."

మొదటి బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. "చదవకుండానా టీచర్?"

"ఇవాళ్టికి తిప్పండి. చదవడం తర్వాత."

వాళ్లు తిప్పుతుంటే తాను మామూలుగా పుస్తకం చదివి వినిపించొచ్చు, గంట వృథా కాదు అనుకుంది. చదవడం మొదలుపెట్టింది కూడా. వేళ్లు చకచకా కదులుతున్నాయి. పెదాలు "నలభై ఒకటి, నలభై రెండు" అంటున్నాయి. కథలో వంటవాడు గిన్నెలో బోర్లా పడే చోటు వచ్చింది. నిన్నయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఇవాళ ఒక్కరూ తలెత్తలేదు. ఆవిడ ఆ పేరా ఇంకోసారి గట్టిగా చదివింది. అప్పుడూ ఎవరూ తలెత్తలేదు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది.

బుధవారానికి పిల్లలకి చెప్పే పని లేకపోయింది. తాళంచెవి క్లాసు లీడరుకి ఇచ్చేసింది. వాళ్లే బీరువా ముందు వరస కట్టారు. ఎవరు ముందు నూట ముప్ఫై కొడతారో అని పందేలు వేసుకున్నారు. ఒకడు బొటనవేలు నొప్పెట్టి చిటికెన వేలితో తిప్పుతున్నాడు. ఇంకొకతె పక్కపిల్లతో కబుర్లాడుతూ, కిందకి చూడకుండానే, చేత్తో ఈగని తోలుతున్నట్టు తిప్పుతోంది. పుస్తకాలావిడ బెంచీల మధ్య తిరుగుతూ తెరల మీద అంకెలు చూసుకుంటోంది. రెండొందల యాభై. రెండొందల అరవై. సగం ఎప్పుడో దాటింది. ప్రాణం కాస్త కుదుటపడింది.

మూడో బెంచీ చివర పిట్ట దగ్గర ఆగింది. క్లాసులో అందరికంటే చిన్న ఒళ్లు, అందుకని పిట్ట. నోరు విప్పితే నాలుగు మాటలు, అంతకన్నా రావు. ఆ పిల్ల తెర మీద అంకె పదకొండు.

"నిన్న తిప్పలేదా?"

పిట్ట ఉలిక్కిపడి చూసింది. కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుని ఉంది. వేలు తగిలితే పేజీ పారిపోతుందని అలా కూర్చుందని పుస్తకాలావిడకి ఆ క్షణాన తట్టలేదు.

"తిప్పాను టీచర్. ఇక్కడిదాకా."

"ఇక్కడేం చేస్తున్నావు ఇంతసేపు?"

"పడవ బరువెక్కువైంది టీచర్. తాత, మనవరాలు, మేక ఉన్నారు. ఒకళ్లని దించాలంట. తాత మేక వైపు చూస్తున్నాడు." పిట్ట ఒక్క గుక్కలో అంత మాట్లాడటం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. "మేకకి తెలిసిపోయిందేమో అని మళ్లీ చదువుతున్నాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. బెల్లుకి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. అందరి అంకెలూ ఒక దారిలో ఉంటే ఇది మాత్రం ఎర్రగా, మూలన, అడ్డంగా కూర్చుంది.

"అదంతా తర్వాత. ముందు తిప్పు. అందరూ చేస్తున్నారు, నీకొక్కదానికే ఏమొచ్చింది? చెప్పిన పని చెయ్యడం నేర్చుకో."

పిట్ట తొడ కింద నుంచి చెయ్యి తీసింది. తెర మీద పెట్టబోయి ఆగి, టీచరు మొహంలోకి చూసింది. తప్పు చేసినదానిలా కాదు, ఏదో అర్థం కానిదానిలా చూసింది. ఈలోగా ముందు బెంచీలో ఇద్దరు కొట్టుకోవడంతో పుస్తకాలావిడ అటు వెళ్లిపోయింది.

స్టాఫ్ రూముకి వచ్చి సంచీ సర్దుకుంటుంటే అప్పుడు గుర్తుకొచ్చింది ఆవిడకి, తానన్న మాట. చదువుతున్న పిల్లని చదవొద్దంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లతోనూ అనని మాట. సంచీ జిప్పు లాగుతూ లాగుతూ మధ్యలో ఆపేసింది. పక్కన నాలుగో తరగతి టీచరు "ఏంటక్కా, జిప్పు పట్టేసిందా?" అంటే, "ఆఁ, పట్టేసింది" అంది.

గురువారం పొద్దున్నే చార్టు మాస్టారు ఎర్రచుక్క మీద పచ్చది అంటించాడు. "గట్టెక్కారు మేడం" అన్నాడు మనస్ఫూర్తిగా. డ్రిల్లు మాస్టారు, "పుస్తకాలావిడా, మజాకానా" అన్నాడు. ఆవిడ నవ్వినట్టే మొహం పెట్టింది.

రెండో పీరియడులో పెద్ద మేడం పిలిపించారు. బల్ల మీద ఒక చీటీ ఉంది.

"మీ క్లాసు బాగా పుంజుకుందండీ, సంతోషం. ఒక్క పిల్లే వెనకబడింది. ముప్ఫై మంది రెండొందల అరవై దాటితే ఈ అమ్మాయి పదకొండు దగ్గరుంది. ఇంత తేడా అంటే చదవడమే రావట్లేదనేగా? ఇవాళ్టి నుంచి ఆఖరి పీరియడు ప్రత్యేక సాధన గదికి పంపండి. వాళ్లమ్మకి కబురు చేద్దాం."

"ఆ పిల్లకి చదవడం వచ్చు మేడం."

"మరి చదవదేం?"

చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. అందరూ తొమ్మిది దగ్గరే ఉండి ఉంటే పదకొండున్న ఈ పిల్ల ఎవరి కంటా పడేది కాదు. మిగతా ముప్ఫై మందిని తోసి తోసి ముందుకి పంపింది తనే. అందుకే ఇది వెనకబడింది. ఆ మాట చెబితే చుక్క పోతుంది, గంట పోతుంది, ఇరవై రెండేళ్ల మంచిపేరు పోతుంది.

"నిదానం ఎక్కువ, అంతే" అంది పుస్తకాలావిడ. చీటీ తీసుకుని బయటికొచ్చింది. తన గొంతు అంత మామూలుగా ఎలా పలికిందా అనుకుంది.

ప్రత్యేక సాధన గది మెట్ల కింద ఉంటుంది. పిల్లలు దాన్ని మొద్దుల గది అంటారు. ఆఖరి పీరియడుకి పిట్టని పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. పెన్సిలు డబ్బా తీసుకుని, బెంచీల మధ్య నుంచి, ఎవరి కాళ్లూ తొక్కకుండా చూసుకుంటూ వెళ్లింది. ఎవడో "మొద్దు" అన్నాడు, పైకి కాదు, వినపడేలా మాత్రం.

కాసేపయ్యాక చాకుపీసుల కోసమన్నట్టు పుస్తకాలావిడ కిందకి దిగింది. కిటికీలోంచి చూస్తే రెండో తరగతి పిల్లల మధ్య పిట్ట కూర్చుని ఉంది. అక్కడి టీచరు అట్టముక్కలు పైకెత్తి చూపిస్తోంది. "ఇల్లు" అంది పిట్ట. "చెట్టు" అంది. "పువ్వు" అంది. ఒక్కో మాటకీ ఆ టీచరు "శభాష్" అంటోంది. మేక మనసులో ఏముందా అని పేజీని రెండుసార్లు చదివిన పిల్ల ఆ శభాష్‌లన్నీ తల దించుకుని తీసుకుంటోంది. పుస్తకాలావిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో తిరిగాయి. చాకుపీసులు తీసుకోకుండానే మెట్లెక్కింది.

సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ భర్తకి అంతా చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు చాపుకుని, మోకాళ్లకి తైలం రాసుకుంటున్నాడు.

"నువ్వు చెప్పేస్తే ఏమవుతుంది?"

"గంట పోతుంది."

"ఆ గంటలో ఎంతమంది పిల్లలు?"

"ముప్ఫై ఒకటి."

"ఒక్క పిల్ల కోసం ముప్ఫై మంది గంట పోగొడతావా? ఆ టాబ్లెట్ ఏదో నువ్వే తీసుకుని దాని పేజీలు కూడా తిప్పెయ్. ఐదు నిమిషాల పని. పిల్ల గదిలోంచి బయటపడుతుంది, నీ గంట నీకుంటుంది. ఎవరికి నష్టం?"

ఆవిడ కత్తి ఆపి ఆయన్ని చూసింది. ఆ ఉపాయం పొద్దున్నే తనకీ తట్టింది. అందుకే ఇంత మంట.

"మీరు బస్సు ఖాళీగా తిప్పి, జనం ఎక్కారని రాస్తారా?"

"రాయను. కానీ నా బస్సు నిండా జనం ఉండి, అలా రాయకపోతే వాళ్లు దిగిపోవాల్సి వస్తుందంటే, ఏమో, రాస్తానేమో." ఆయన తైలం సీసా మూత బిగించాడు. "నాకు తెలీదే. నువ్వే చదువుకున్నదానివి."

ఆవిడ మిగిలిన కూరగాయలు తరిగింది. చాలా సన్నగా తరిగింది, వంటకి పనికిరానంత సన్నగా.

శుక్రవారం భోజనాల తర్వాత పిల్లల్ని డ్రిల్లు మాస్టారికి అప్పజెప్పి టీచర్లంతా పెద్ద మేడం గదిలో కుర్చీలు వేసుకున్నారు. ఒక్కొక్కరే లేచి కాయితం చూసి చదువుతున్నారు. ఒకటో తరగతి, పచ్చ. రెండు, పచ్చ. నాలుగో తరగతి టీచరు మూడొందల నలభై అని చదివి కూర్చుంటూ పుస్తకాలావిడ చెయ్యి నొక్కింది. పెద్ద మేడం కుదురైన అక్షరాలతో రాసుకుంటున్నారు.

పుస్తకాలావిడ లేచింది. చేతిలో కాయితం లేదు.

"ఐదో తరగతి. పదకొండు."

"పదకొండేంటండీ?" అన్నారు పెద్ద మేడం రాస్తూనే.

"పేజీలు మేడం. క్లాసు మొత్తానికి ఈ మూడు రోజుల్లో చదివింది పదకొండు పేజీలు. చదివింది ఒక్క పిల్ల. మీరు నిన్న కిందకి పంపించిన పిల్ల. మిగతా ముప్ఫై మందీ చదవలేదు, వేళ్లతో తిప్పారు. తిప్పమని నేనే చెప్పాను. ఆ పిల్ల చదువుతుంటే ఆపమని కూడా నేనే అన్నాను."

 నాలుగో తరగతి టీచరు ఒళ్లో ఉన్న కాయితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. చార్టు మాస్టారు ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు ఒళ్లో టాబ్లెట్ తెరిచి వెతికాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆ పిల్లకి పదకొండు కాదు మేడం."

"పదకొండే. నా కళ్లతో చూశాను."

"నాలుగొందల పన్నెండు." అతను తెరని ఆవిడ వైపు తిప్పాడు. "ఇవాళ మధ్యాహ్నం ఎక్కాయి. ఇప్పుడు మీ క్లాసులో ఈ పిల్లే ఫస్టు."

ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. పుస్తకాలావిడ తెర మీద ఆ పిల్ల పేరు పక్కనున్న పచ్చగీతని చూసింది. ఉన్న ఒక్క సాక్ష్యమూ చేతుల్లోంచి జారిపోయింది. కుర్చీ వీపు పట్టుకుంది.

పెద్ద మేడం కలం పక్కన పెట్టారు. కోపంగా లేరు, అలిసిపోయినట్టున్నారు. "నాకు తెలియదనుకున్నారా అండీ? పిల్లలు మూడు రోజుల్లో అంతంత చదవరని నాకూ తెలుసు. నేనూ టీచరునే. పైకి పంపాలి నేను, ఖాళీ కాయితం పంపలేను. ఇప్పుడు అందరూ పచ్చే. ఆ అమ్మాయిని కింద గదికి పంపక్కర్లేదు. మీ గంట మీకుంది. ఈ మాట నేను వినలేదనుకుంటాను. ఏం రాయమంటారు?"

అంత సులువుగా తీసుకొచ్చి చేతిలో పెట్టారు. ఎవరికి నష్టం అన్న భర్త మాట చెవిలో మోగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆవిడ ఊఁ అనడం కోసం ఊపిరి బిగబట్టారు. అందరి చుక్కలూ ఆ ఊఁ మీదే ఉన్నాయి.

"సున్నా రాయండి మేడం."

"సోమవారం నుంచి ఆ పీరియడు లెక్కలకి వెళ్తుంది."

"రాయండి."

పెద్ద మేడం రాశారు. తర్వాత ఆరో తరగతిని పిలిచారు. ఆరో తరగతి టీచరు లేచి, గొంతు సవరించుకుని, తన అంకె చదివాడు. అంతకుముందు చదివిన వాళ్లకన్నా కాస్త గట్టిగానే చదివాడు.

ఆఖరి పీరియడు. పిల్లలు ఆటల నుంచి చెమటలతో వచ్చి కూర్చున్నారు. పుస్తకాలావిడ చెప్పాల్సింది చెప్పింది. సోమవారం నుంచి ఈ గంట ఉండదని, తప్పు వాళ్లది కాదు తనదని, చదవకుండా చదివామని చెప్పించిన పాపం తనదేనని చెప్పింది. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. మొదటి బెంచీ అబ్బాయి, "మరి వంటవాడి కథ?" అన్నాడు. "మధ్యాహ్నం అన్నాలయ్యాక మిగిలిన పావుగంటలో వస్తే చదువుతాను. వచ్చినవాళ్లకే" అంది. ఎంతమంది ఆటలు మానుకుని వస్తారో ఆవిడకి తెలుసు. ఎక్కువమంది రారు.

అందరూ ఎవరి పుస్తకాలు వాళ్లు తీసుకున్నాక పుస్తకాలావిడ మూడో బెంచీ చివర వచ్చి కూర్చుంది. పిట్ట జరిగి చోటిచ్చింది. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

"అన్నాలప్పుడు లీడర్ని బీరువా తాళం అడిగాను టీచర్. నాలుగొందలు కదా? పన్నెండు ఎక్కువే తిప్పాను. నేనింక కింద గదికి వెళ్లక్కర్లేదు కదా?"

"వెళ్లక్కర్లేదు."

"మీరు చెప్పినట్టే చేశాను."

పుస్తకాలావిడ బెంచీ మీద గీతల్ని వేలితో రాసింది. కాసేపటికి, "మేక ఏమైంది?" అంది.

పిట్ట మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. "తెలీదు టీచర్."

"అంత దూరం తిప్పావు కదా, ఎక్కడన్నా కనపడే ఉంటుంది."

"చూడలేదు." పిట్ట గొంతు చిన్నదైపోయింది. "చూస్తే ఆగిపోతానని, కళ్లు మూసుకుని తిప్పాను."

పుస్తకాలావిడ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది, తీసేసింది. ఏడిస్తే పిల్ల భయపడుతుందని ఆపుకుంది. లేచి వెళ్లి బీరువాలోంచి ఆ టాబ్లెట్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"నాది తప్పు. నువ్వు చేస్తున్నదే సరైన పని. నేనే ఆపాను. ఎక్కడ ఆగావో అక్కడికి వెళ్లు."

పిట్ట తెర వైపు చూసింది కానీ ముట్టుకోలేదు. "వెనక్కి తిప్పితే లెక్కలోకి రాదు టీచర్."

"రాదు."

"వచ్చే నెల మళ్లీ ఎర్రగా అయిపోతానా?"

"అవుతావు. నేనూ అవుతాను."

 చుట్టూ పిల్లలు గోల చేస్తున్నారు, ఎవరూ వీళ్లని చూడటం లేదు.

"మళ్లీ తిప్పమనరు కదా?"

"అనను."

పిట్ట ఆవిడ మొహంలోకి, బుధవారం చూసినట్టే, ఒకసారి చూసింది. ఈసారీ వెంటనే నమ్మలేదు. కాసేపటికి వేలు తెర మీద పెట్టి, ఒక్కొక్క పేజీ, వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.